అద్దానికి పట్టినంత వాక్యం

పటాన్‌చెరు బస్టాండు దాటగానే, టైర్ల దుకాణానికీ మొయిన్ బిర్యానీ హోటలుకూ మధ్య ఒదిగి ఉండే రేడియం స్టిక్కర్ల కొట్టు దేవదానానిది. బండ్ల నంబరు ప్లేట్లు, ఆటోల వెనక అద్దాల మీద రాతలు, లారీల నుదుటి మీద బొమ్మలు, అన్నీ అక్కడే తయారు. మల్లన్న కావాలంటే మల్లన్న, ముస్లింల ఏడు ఎనిమిది ఆరు కావాలంటే అది, సిలువ కావాలంటే సిలువ. ఎవరి భక్తి వాళ్లదే గానీ కోసేది మాత్రం ఒకే బ్లేడు. ఆ కొట్లో ఓ పూట కూర్చుంటే చాలు, ఈ దారిన పోయే బండ్లన్నీ దేవుడి మీద భారం వేసి నడుస్తున్నాయనీ, బ్రేకుల మీద ఎవరికీ నమ్మకం లేదనీ తెలిసిపోతుంది.

దేవదానానికి పేరు తెచ్చినవి బైబిల్ వాక్యాలు. ఇక్కణ్ణుంచి జహీరాబాద్ దాకా క్రైస్తవుల ఆటోల మీద మెరిసే వాక్యాల్లో సగం అతని చేతి మీదుగా పోయినవే. వచ్చిన చిక్కల్లా ఒక్కటే, వాక్యం పొడుగు, అద్దం పొట్టి. అందుకని దేవదానం ముందు టేపు పెట్టి అద్దాన్ని కొలుస్తాడు. ఎంత పడితే అంత ఉంచుతాడు, మిగతాది కోసేస్తాడు. తలా తోకా పోయినా నడుము నిగనిగలాడుతుంటే గిరాకీ సంతోషంగా వెళ్లిపోతాడు. ఆ మాట అన్నది ఎవరు, ఎవరితో అన్నారు, పైన ఏముంది, కింద ఏముంది అని గిరాకీ అడగడు, దేవదానం చూడడు.

దానివల్ల గొడవలు కాలేదా అంటే, బోలెడు అయ్యాయి. నీళ్ల ట్యాంకరు నడిపే వీర్రాజుకు యెషయా గ్రంథం నుంచి "దప్పిగొనినవారలారా, నీళ్లయొద్దకు రండి" అని వేసి ఇచ్చాడు. ట్యాంకరుకు ఇంతకంటే మంచి వాక్యం ఎక్కడ దొరుకుతుంది? ఇంద్రేశంలో కొత్త లేఔటులోకి ఆ ట్యాంకరు వెళ్లినప్పుడు డెబోరా టీచరు అనే రిటైరైన ఆవిడ డ్రమ్ములన్నీ నింపించుకుని, ఇంట్లోంచి బైబిలు తెచ్చి ఆ తర్వాతి మాట చదివి వినిపించింది. రూకలు, అంటే డబ్బులు, లేనివాళ్లు కూడా రావచ్చని అక్కడ ఉంది. వీధి వీధంతా వచ్చి వింది. వీర్రాజు తిరిగొచ్చి కొట్టు ముందే గోళ్లతో స్టిక్కరు గీకేసుకున్నాడు, పాపం.

చంద్రకాంత్ కథ ఇంకా ముద్దుగా ఉంటుంది. అతను ప్లాట్లు అమ్ముతాడు. కారు వెనక ఏదైనా శుభమైన మాట పెట్టమన్నాడు. దేవదానం మత్తయి సువార్తలోంచి "వీటినన్నిటిని నీకిచ్చెదను" అని ఏరి, బంగారు రంగులో అంటించాడు. చంద్రకాంత్ రోజూ కొనేవాళ్లను గుట్ట మీదికి తీసుకెళ్లి, కారు పక్కన నిలబడి, రెండు చేతులూ చాపి కిందున్న ప్లాట్లన్నీ చూపించేవాడు. ఆ దారిన మోటారు సైకిలు మీద పోతున్న జేమ్స్ అయ్యగారు, అంటే మన దేవదానం వెళ్లే చర్చి పాస్టరు, ఆ దృశ్యం చూసి బండి ఆపేసి, హ్యాండిల్ మీద తల పెట్టుకుని నవ్వారు. ఎందుకంటే కొండ మీద నిలబడి, లోకం మొత్తం చూపించి, యేసుతో ఆ మాట అన్నది సాక్షాత్తూ సాతాను. సంగతి తెలిసినా చంద్రకాంత్ దాన్ని తీయనివ్వలేదు. ఆ స్టిక్కరు పడ్డాక బేరాలు బాగున్నాయన్నాడు.

పైన రెండు వచనాలు, కింద రెండు వచనాలు చదివి కోయవయ్యా అని అయ్యగారు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పారు. అద్దం సాలదు అయ్యగారూ అని దేవదానం అంతే వినయంగా చెప్పాడు. మనిషి మంచివాడే గానీ కొలత టేపును మించిన శాస్త్రం ఉందంటే ఒప్పుకోడు.

అతని దగ్గర అన్నిటికంటే ఎక్కువ పోయేది పెళ్లి కార్ల వాక్యం. "నీవు వెళ్లు చోటికే నేను వచ్చెదను", అటొక ఎర్ర గుండె, ఇటొక ఎర్ర గుండె. సీజనులో అవి కోసీ కోసీ వేళ్లు నొప్పులు పుట్టేవి. తన పెళ్లికి కూడా కార్డు మీద అదే వేయించుకున్నాడు. భార్య బ్యూలా జబ్బు చేసి పోయి ఆరేళ్లు దాటింది. పిల్లలు లేరు. కొల్లూరు డబుల్ బెడ్‌రూం కాలనీలో అతనికున్న ఇంట్లో టీ తప్ప ఇంకేదీ పొయ్యెక్కేది కాదు. మధ్యాహ్నం మొయిన్ హోటలు, రాత్రికి మధ్యాహ్నం మిగిలింది. ఒంటరితనం గురించి అతను ఎవరికీ చెప్పుకోలేదు గానీ, ఆదివారం ఆరాధన అయిపోయాక అందరూ జంటలుగా ఇళ్లకు పోతుంటే ఇతను మాత్రం కుర్చీలన్నీ ఒక్కడే ఎత్తిపెట్టి ఆలస్యంగా బయటికి వచ్చేవాడు.

ఆ కుర్చీలు ఎత్తే వేళలోనే జయశీల కంట్లో పడింది. అదే కాలనీలో ఉంటుంది. మందు సీసాల మూతలు తయారు చేసే ఫ్యాక్టరీలో ఆమె పని, బెల్టు మీద పరుగెత్తుతున్న మూతల్లోంచి వంకరవాటిని ఏరి అవతల పడేయడం. కళ్లు ఎంత చురుకో గొంతు అంత తియ్యన, చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే. భర్త సునీల్‌కుమార్ బండి ప్రమాదంలో పోయినప్పటి నుంచి అత్త మొగులమ్మతో ఉంటోంది. మొగులమ్మకు బాప్తిస్మంలో మరియమ్మ అని పేరు పెట్టారు గానీ ఆ పేరుతో పిలిస్తే ఆమె పలకదు. నాలుగో అంతస్తు బాల్కనీలో కోళ్లు పెంచుతుంది. కాలనీలో అందరికీ తెలిసిన మనిషి, అందరూ కాస్త భయపడే మనిషి.

జయశీల పాట ఎత్తుకున్నప్పుడల్లా దేవదానానికి ఒళ్లంతా తేలిపోయేది. నలభై ఆరేళ్లవాడు, గుండ్రటి బొజ్జ ఉన్నవాడు, అద్దం ముందు నిలబడి మీసానికి నల్లరంగు వేసుకోవడం మొదలుపెట్టాడు. స్కూటీకి పంక్చరైందని ఆమె ఒకసారి కొట్టు ముందు ఆగితే, టైర్ల దుకాణం వాడికంటే ముందు ఇతను పరుగెత్తాడు. కానీ నోరు పెగలదు. కారణం వింటే మీరు నవ్వుతారు. చర్చిలో ఆడవాళ్లందరూ సిస్టర్లు, మగవాళ్లందరూ బ్రదర్లు. ఆరేళ్లుగా జయశీల సిస్టర్, జయశీల సిస్టర్ అని పిలిచి పిలిచి నాలుక ఆ గాడిలో పడిపోయింది. సిస్టర్ అన్న నోటితో నన్ను పెళ్లి చేసుకో అని అడగడం ఎట్లా? పక్క హోటలు నడిపే మొయిన్‌తో గోడు చెప్పుకుంటే, నోటితో రాకపోతే చేతితో అడుగు, నీకు వచ్చిన పనే గదా అన్నాడు.

అంతే, దేవదానం ఆ రోజు ఉన్నవాటిలో ఖరీదైన రేడియం తీసి పెళ్లి వాక్యం కోశాడు. ఆదివారం ఆరాధన అయ్యాక, స్కూటీల దగ్గర, దాన్ని చుట్ట చుట్టి జయశీల చేతిలో పెట్టాడు.

"జయశీల సిస్టర్, నాకు మాటలు రావు. చెప్పాల్నుకున్నది గిండ్ల ఉన్నది," అన్నాడు.

ఆమె విప్పి చదివింది. బుగ్గలు ఎర్రబడ్డాయి. అది చూసి దేవదానం కాళ్లు నేల మీద లేవు. అక్కడ నోరు మూసుకుని ఉంటే ఈ కథ అక్కడే సుఖంగా అయిపోయేది. కానీ సంతోషం పట్టలేని మనిషి నోరు ఎప్పుడు మూసుకున్నాడు? పెద్దమ్మ గురించి, అంటే మొగులమ్మ గురించి, పరేషాన్ కావద్దని, లక్డారంలో ఆమె కూతురు ఉంది కాబట్టి పెళ్లయ్యాక అక్కడ ఉంచుదామని, కోళ్లను కూడా అక్కడికే పంపిద్దామని, ఇక మనకు ఏ ఇబ్బందీ ఉండదని గడగడా చెప్పేశాడు.

జయశీల నవ్వు అట్లాగే ఉంది గానీ చూపు మారింది. బెల్టు మీద వంకర మూత కనబడితే ఆమె చూసే చూపు అది. గీ మాట ఎవ్వలు ఎవ్వలతోని అన్నరో ఎరుకేనా బ్రదర్ అని అడిగింది. పెళ్లికూతురు పెళ్లికొడుకుతో అన్నది, ఇంకెవరంటారు అన్నాడు దేవదానం. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, స్కూటీ సీటు పట్టుకుని మరీ నవ్వింది. కళ్లు తుడుచుకుని స్టిక్కరును మళ్లీ చుట్ట చుట్టి అతని చేతిలోనే పెట్టింది.

"రూతు గ్రంథం మొత్తం సదువు. నాలుగే అధ్యాయాలు. అది సదివినంక గూడ నాకు గిదే మాట ఇయ్యబుద్ధయితే, అప్పుడు రా. నేను గప్పుడు జవాబు చెప్త," అంది.

సోమవారం పొద్దున కొట్టు తెరిచి, నర్సింగ్ అనే లారీ డ్రైవరు నంబరు ప్లేటు సగం కోస్తూ, ఫోనులో బైబిలు తెరిచాడు దేవదానం. మొదటి అధ్యాయం సగానికి రాగానే చేతిలో బ్లేడు ఆగిపోయింది. కరువొచ్చి దేశం కాని దేశం పోయిన నయోమి అనే ఆవిడకు భర్త పోయాడు, ఇద్దరు కొడుకులూ పోయారు. కోడళ్లను పుట్టిళ్లకు పొమ్మంటోంది. దారి మధ్యలో రూతు అనే కోడలు ఆమెను కావలించుకుని ఆ మాట అంటోంది. పెళ్లికూతురు లేదు, పెళ్లికొడుకు లేడు. కోడలు అత్తతో అన్న మాట అది. ఇన్నేళ్లుగా, ఇన్ని పెళ్లి కార్ల మీద, అటొక గుండె ఇటొక గుండె పెట్టి ఇతను అంటిస్తూ వచ్చింది ఒక కోడలు అత్తకు ఇచ్చిన మాట. దేవదానానికి ముందు నవ్వొచ్చింది, తర్వాత చెమట పట్టింది. ఆ మాటనే జయశీల చేతిలో పెట్టి, అదే గుక్కలో అత్తను లక్డారం పంపిద్దామన్నాడు మరి.

నర్సింగ్ ప్లేటు అడిగితే వినబడలేదు. రెండో అధ్యాయం అయింది, మూడోది మొదలైంది. అందులో అత్తే కోడల్ని తలంటుకుని, మంచి బట్ట కట్టుకుని, రాత్రిపూట కళ్లంలో పడుకున్న బోయజు అనే పొలం ఆసామి కాళ్ల దగ్గరికి పొమ్మంటోంది. దేవదానం ఫోను గబుక్కున బోర్లించి, ఎవరైనా చూశారా అని అటూ ఇటూ చూశాడు. బైబిల్లో ఇదేం అధ్యాయమని అతనికి గాభరా పుట్టింది. ఫోను చేస్తే జేమ్స్ అయ్యగారు ఎక్కడో దగ్గర్లోనే ఉన్నారు, వచ్చి మొయిన్ హోటల్లో టీ తాగుతూ విప్పి చెప్పారు.

కోతల కాలంలో ధాన్యం కుప్ప దగ్గర యజమాని కాపలా పడుకోవడం ఆ రోజుల్లో మామూలేనన్నారు. నీ కొంగు నా మీద కప్పు అని రూతు అడిగింది సరసానికి కాదు, నన్ను నీ బాధ్యతలోకి తీసుకోమని. అడిగే హక్కు ఆమెకు ఉంది, ఎందుకంటే బోయజు చనిపోయినవాళ్లకు దగ్గరి బంధువు, వాళ్ల ఇల్లు నిలబెట్టాల్సినవాడు. అతను కూడా మర్యాద దాటలేదు. తెల్లారకముందే, అత్త దగ్గరికి వట్టి చేతులతో పోవద్దని చెప్పి, యవలు మూటగట్టి పంపించాడు.

"నాలుగో అధ్యాయం జాగ్రత్తగ సదువు. అండ్ల నీ తీరు మనిషి ఒకడున్నడు," అని అయ్యగారు టీ గ్లాసు పెట్టేసి నవ్వారు.

దేవదానం అక్కడే బెంచీ మీద చదివాడు. బోయజు కంటే దగ్గరి బంధువు ఇంకొకడు ఉన్నాడు. నయోమి మొగుడి పొలం విడిపిస్తావా అంటే ఓ, విడిపిస్తానన్నాడు. పొలంతో పాటు మనుషుల్ని కూడా నెత్తిన పెట్టుకోవాలి అనేసరికి నావల్ల కాదని, హక్కు వదులుకున్న గుర్తుగా చెప్పు తీసి ఇచ్చి పోయాడు. పొలం కావాలి, పొలం వెనకున్న ముసలమ్మ, ఆమె కష్టం వద్దు. గ్రంథంలో అందరికీ పేరుంది, ఊళ్లకు పేర్లున్నాయి, పుట్టబోయే మునిమనవళ్లకు కూడా పేర్లున్నాయి. ఆ ఒక్కడికే లేదు. పొద్దున లేస్తే మనుషుల పేర్లు మెరిసేట్టు కోసి బతికే దేవదానానికి అది చెంప మీద కొట్టినట్టయింది. ఇంకా కిందికి పోతే, బోయజుకూ రూతుకూ పుట్టిన బిడ్డను తెచ్చి పెట్టింది నయోమి ఒళ్లో. అత్తను ఎక్కడికో పంపించేసిన పెళ్లి కాదు అది, అత్త ఒళ్లో ముగిసిన పెళ్లి. దేవదానం లేచి నిలబడ్డాడు, సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి, అయినా ఎందుకో ఎగరాలన్నంత సంతోషంగా ఉంది.

సరిగ్గా అప్పుడు మొయిన్ గల్లాపెట్టె వెనకనుంచి గొంతు సవరించుకున్నాడు. అతని తల్లి అక్తరీ బేగం ఉండేది మొగులమ్మ ఎదురింట్లోనే. లక్డారం సంగతి దేవదానం నిన్న సాయంత్రం తనతో అన్నాడు, తను అమ్మతో అన్నాడు, అమ్మ మొగులమ్మతో అంది. మొగులమ్మ ఏడవలేదట, తిట్టలేదట. నా కోడలికి మంచి సంబంధం వచ్చింది, నా మూలంగా పోవద్దు అని, కోడలు డ్యూటీ నుంచి వచ్చేలోపు లక్డారం వెళ్లిపోవాలని బట్టలు సర్దుకుంటోందట. తప్పయింది అన్నా అని మొయిన్ చెవులు పట్టుకున్నాడు.

దేవదానం ఆలోచించలేదు. వట్టి చేతులతో పోవద్దన్న మాట ఒక్కటే బుర్రలో తిరిగి, చేతికందిన బిర్యానీ పొట్లం పట్టుకుని స్కూటరెక్కాడు. నర్సింగ్ ఆ రోజు సగం నంబరుతో లారీ తీసుకుపోయి ఎవరికేం చెప్పుకున్నాడో మనకు తెలియదు.

కాలనీకి చేరేసరికి మొగులమ్మ మెట్ల మీద ఉంది. లిఫ్టు ఎక్కితే కోళ్లు గుడ్లు మానేస్తాయని ఆమె నమ్మకం. నెత్తి మీద బట్టల మూట, చంకలో కోళ్ల గంప, వెనకనే బతిమాలుతూ అక్తరీ బేగం. రెండో అంతస్తు మలుపులో దేవదానం రొప్పుతూ ఎదురుపడేసరికి మొగులమ్మ ఉలిక్కిపడింది, గంప జారింది, కోళ్లన్నీ బయటపడ్డాయి. ఇక చూడాలి ఆ సంబరం. ఒకటి పైకి, ఒకటి కిందికి, ఒకటి ఎవరింట్లోకో. దేవదానం నంబరు ప్లేట్లు తప్ప ఏదీ పట్టి ఎరగడు, అయినా మెట్ల మీద బోర్లా పడి మరీ ఒక పుంజును పట్టాడు. అక్తరీ బేగం దుపట్టా విసిరి ఒక పెట్టను పట్టింది. తలుపులు తీసి చూసిన ఇరుగుపొరుగు తలా ఒక చెయ్యి వేశారు.

పుంజును చంకలో పెట్టుకుని, ఇంకో చేతిలో బిర్యానీ పొట్లంతో నిలబడ్డ దేవదానాన్ని మొగులమ్మ ఎగాదిగా చూసింది. అది కోడి బిర్యానీయేనా అని అడిగింది. అవునని చెప్పక తప్పలేదు.

"పెద్దమ్మా, నువ్వు పోతే ఆమె నన్ను చేసుకోదు," అన్నాడు.

నేను పోతేనే గదరా చేసుకునేది అని మొగులమ్మ మూట మళ్లీ ఎత్తుకోబోయింది. దేవదానం పుంజును అక్తరీ బేగానికి అప్పగించి, మెట్టు మీదే కూలబడి, ఫోను తీసి చదవడం మొదలుపెట్టాడు. ఈసారి ఏమీ కోయలేదు. కరువు నుంచి మొదలుపెట్టాడు. మొగులమ్మ ముందు విననన్నట్టు నిలబడింది, తర్వాత గోడకు ఆనుకుంది, తర్వాత కూర్చుంది. పెళ్లి కార్ల మాట రాగానే ఆపమంది. అది అన్నది కోడలా, అత్తతోనా అని మళ్లీ మళ్లీ అడిగి, మళ్లీ చదివించుకుంది. ఎన్ని పెళ్లిళ్లలోనో విన్న మాట, మొగుడి కోసమే అనుకుని వింది.

 మొగులమ్మ మూటను పక్కకు జరిపి మెట్టు మీద సర్దుకుని కూర్చుంది.

"నా కొడుకు పోయిననాడు జహీరాబాద్ నుంచి ఆమె అన్నలు బండి తీసుకొనొచ్చిన్రు, తోలుకపోదామని. నా కోడలు గింత అందంగ ఏమనలే. పొయ్యి మీద బియ్యం పెట్టి, అత్తమ్మా, పప్పు పల్సగ జేయాల్నా గట్టిగ జేయాల్నా అన్నది," అంది. అంటూనే ఏడ్చేసింది, ఏడుస్తూనే నవ్వింది. అక్తరీ బేగం కూడా అందుకుంది. దేవదానం అయితే ఏడవడానికి ఎవరి అనుమతీ అడగలేదు.

జయశీల డ్యూటీ దిగి వచ్చింది అప్పుడే. మెట్ల మీద ఈకలు, మూట, కళ్లు తుడుచుకుంటున్న ముగ్గురు మనుషులు. ఏమైందని ఎవరినీ అడగకుండా ముందు అత్త పక్కనున్న మూట చూసింది, తర్వాత దేవదానం చేతిలో ఫోను చూసింది. సదివినవా అని మాత్రం అడిగింది.

"సదివిన. సెప్పు ఇడిసిచ్చి పోయినోడు ఒకడున్నడు గద, పేరు లేనోడు. నిన్న నేను గాయననే. ఇయ్యాల కాదు. పెద్దమ్మ ఏడ ఉంటే నేను ఆడికే వస్త. కోళ్లు గూడ," అన్నాడు దేవదానం.

మొగులమ్మ అతని బొజ్జను, రంగు వేసిన మీసాన్ని, మోకాలి దగ్గర చిరిగిన ప్యాంటును తీరిగ్గా చూసి, కోడలి వైపు తిరిగి తల ఊపింది. జయశీల మూట తీసుకుని మెట్లెక్కుతూ, అన్నం వండుతా, తినిపొమ్మంది. సరే సిస్టర్ అన్నాడు దేవదానం. అక్తరీ బేగం నెత్తి కొట్టుకుంది.

పెళ్లి ఆ తర్వాత నెలలోనే చర్చిలో అయింది. జహీరాబాద్ నుంచి అన్నలిద్దరూ కొత్త చొక్కాలతో వచ్చారు, చెల్లెలి చెయ్యి పట్టుకుని నడిపించేది తామేనని. జయశీల ఒప్పుకోలేదు. పట్టుచీర కట్టుకున్న మొగులమ్మ చెయ్యి పట్టుకుని, పాటలో తనే గొంతు కలుపుతూ, బెంచీల మధ్య నుంచి నడిచి వచ్చింది.  జేమ్స్ అయ్యగారు ఆరాధన క్రమంలో ఉన్న ప్రకారం, ఈ స్త్రీని ఈ పురుషునికి ఇచ్చేది ఎవరని గంభీరంగా అడిగారు.

"ఇచ్చుడేం లేదు అయ్యగారూ," అంది మొగులమ్మ. "నేను గూడ పోతున్న."

చర్చి మొత్తం ఘొల్లున నవ్వింది. అయ్యగారు పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. జయశీల అత్త చెయ్యి వదలకుండానే, రెండో చెయ్యి దేవదానానికి ఇచ్చింది.